పక్కదారి పట్టే స్కిర్మియాన్: పాలమూరు కాలేజీ ప్రాజెక్టు డైరీ

జూలై: చేతిలో ఉన్న సరంజామా

మహబూబ్‌నగర్‌లోని మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటర్లు ఉన్నాయి, ట్యాంజెంట్ గాల్వనోమీటర్లు ఉన్నాయి, గీత కాస్త వణికే పాత సీఆర్వో (ఆసిలోస్కోపు) ఒకటి ఉంది. నానోమీటరు కంటే పలుచని లోహపు పొరలు వేసే యంత్రం మాత్రం లేదు. అది లేకుండా స్కిర్మియాన్‌ను, అంటే పలుచని పొరలో అయస్కాంతపు బాణాలు కట్టే చిన్న సుడిని, నిజంగా తయారు చేయలేం. అయినా ఈ ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టుకు దాన్నే తీసుకున్నాం. కరెంటు పంపితే స్కిర్మియాన్ ఎటు పోతుంది, ఎంత వేగంగా పోతుంది, ఎక్కడ అంతమైపోతుంది అన్నవి కంప్యూటర్‌లో లెక్క కట్టి చూడాలని ప్లాన్. టీమ్‌లో ఇద్దరే. జడ్చర్ల నుంచి బస్సులో వచ్చే అమ్మాయికి కోడింగ్ బాగా వచ్చు. దేవరకద్ర కుర్రాడికి కోడ్ అంటే చిరాకు, చేత్తో చేసే పనైతే ఎంతసేపైనా కూర్చుంటాడు.

కుర్రాడి కోసమే ముందు బొమ్మతో మొదలుపెట్టాం. క్లాక్ టవర్ దగ్గర ఒక పెద్ద థర్మాకోల్ షీటు, నాలుగైదు అగ్గిపెట్టెల ప్యాకెట్లు కొన్నాం. అడ్డంగా 21, నిలువుగా 21 పుల్లలు. ఒక్కో పుల్ల ఒక్కో పరమాణువు దగ్గరున్న అయస్కాంతపు బాణం. మందు ఉన్న ఎర్ర తల బాణం కొన అనుకోవాలి. అంచుల్లో పుల్లలన్నీ తల పైకి పెట్టి నిటారుగా గుచ్చాం. లోపలికి వెళ్లేకొద్దీ కొంచెం కొంచెం వాల్చుకుంటూ పోయాం. మధ్యలో ఒక వలయం దగ్గర పుల్లలు పూర్తిగా పడుకుంటాయి, వాటికి ఫెవికాల్ వేయాల్సి వచ్చింది. ఇంకా లోపలికి పోతే తలలు కిందికి తిరుగుతాయి. నట్టనడిమి పుల్ల తలకిందులు. ఇదే స్కిర్మియాన్.

వాల్చే తీరు రెండు రకాలుగా ఉండొచ్చు. పడుకున్న పుల్లలు కేంద్రం వైపుకో, కేంద్రం నుంచి బయటికో చూస్తే నీల్ రకం. వలయం వెంబడి ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ చూస్తే బ్లాక్ (Bloch) రకం. మాంగనీస్ సిలిసైడ్ లాంటి స్ఫటికాల్లో దొరికేది బ్లాక్ రకం. ప్లాటినం మీద కోబాల్ట్ పూసిన పలుచని పొరల్లో నీల్ రకం. మాకు కావలసింది నీల్ రకం, బోర్డు మీద అదే గుచ్చాం.

అమ్మాయి అడిగింది: "మేడం, పక్కపక్క అయస్కాంతాలన్నీ ఒకే దిక్కు చూడాలని కదా కోరుకునేది, ఇట్ల ఎందుకు తిరుగుతయి?" సరైన ప్రశ్నే. ఎక్స్‌ఛేంజ్ అనే బలం పక్కపక్క స్పిన్‌లను, అంటే మన బాణాలను, సమాంతరంగా ఉంచాలని చూస్తుంది. దానికి ఎదురు ఇంకొకటి ఉంది. 1958లో జ్యాలోషిన్స్కీ, 1960లో మోరియా వివరించిన ఈ పరస్పర చర్య పక్క స్పిన్‌ను కొద్దిగా ఒకే వైపుకు మెలితిప్పుతుంది. ఎడమకైతే ఎప్పుడూ ఎడమకే, కుడికైతే ఎప్పుడూ కుడికే. స్ఫటికం అమరికలో ఎడమ కుడి భేదం ఉన్నచోట, లేదా రెండు వేర్వేరు లోహాలు కలిసే అంచు దగ్గర ఇది బలంగా కనిపిస్తుంది. ఈ రెంటి పెనుగులాటకు పైకీ కిందికీ మాత్రమే చూడాలనే పొర స్వభావం తోడైతే, ఇలాంటి గుండ్రటి మెలిక నిలబడగలదు.

బోర్డు వల్ల ఇంకో సంగతి సులభంగా తెలిసింది. పుల్లలన్నిటినీ పీకి, తోకలన్నీ ఒకే బిందువు దగ్గర చేర్చి, తలలు వాటి వాటి దిక్కుల్లోనే ఉంచితే ఒక గోళం ఉపరితలం మొత్తం సరిగ్గా ఒక్కసారి కప్పబడుతుంది. ఇలా ఎన్నిసార్లు కప్పబడుతుందో చెప్పే సంఖ్యనే టోపోలాజికల్ చార్జ్ అంటారు. మా బోర్డుకు అది మైనస్ ఒకటి. పుల్లలను అటూ ఇటూ కొంచెం కదిపితే ఈ సంఖ్య మారదు. మార్చాలంటే నట్టనడిమి పుల్లను పీకి తిరగేయాలి, లేదా మొత్తం సుడిని బోర్డు అంచు దాటించి బయటికి తోసేయాలి. ఈ రెండో దారి తర్వాత మాకు చాలా పని పెట్టింది.

ఆగస్టు: ప్రోగ్రాం ఎక్కించడం

కాలేజీ కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డులు లేవు. మాకు కావలసిన ప్రోగ్రాం మ్యూమ్యాక్స్3. బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీలో తయారైంది, ఉచితం, కానీ ఎన్‌విడియా కార్డు ఉంటేనే నడుస్తుంది. గూగుల్ కొలాబ్‌లో కార్డు కొంతసేపు ఉచితంగా ఇస్తారు కాబట్టి ఆ దారి పట్టాం. ప్రోగ్రాం దించుకుని, విప్పి, స్క్రిప్ట్ రాసి నడపడం అమ్మాయి ఒక మధ్యాహ్నంలో తేల్చేసింది.

ఇది చేసే పని చెప్పడానికి చిన్నది. పొరను చిన్న చిన్న గడులుగా కోస్తుంది, ఒక్కో గడికి ఒక బాణం ఇస్తుంది, ల్యాండౌ, లిఫ్‌షిట్జ్, గిల్బర్ట్ పేర్లతో పిలిచే సమీకరణం ప్రకారం క్షణం క్షణం ఆ బాణాలు ఎటు తిరగాలో లెక్క కడుతుంది. మేము ఒక నానోమీటరు గడులు, పొడవు 512, వెడల్పు 64 పెట్టాం. గడుల సంఖ్య రెండును రెండుతోనే గుణించుకుంటూ పోతే వచ్చేది (64, 512 లాంటిది) అయితే లెక్క వేగంగా సాగుతుంది. పొర మందం 0.4 నానోమీటర్లు. పదార్థపు విలువలు ప్లాటినం, కోబాల్ట్ పొరలకు 2013 నుంచి పరిశోధకులు వాడుతున్నవే తీసుకున్నాం: సంతృప్త అయస్కాంతీకరణ మీటరుకు 5.8 లక్షల ఆంపియర్లు, ఎక్స్‌ఛేంజ్ మీటరుకు 15 పికోజూళ్లు, జ్యాలోషిన్స్కీ బలం చదరపు మీటరుకు 3 మిల్లీజూళ్లు, నిలువు అనైసోట్రపీ (పైకీ కిందికీ మాత్రమే చూడాలనే పొర పట్టు) ఘనమీటరుకు 8 లక్షల జూళ్లు, డ్యాంపింగ్ 0.3. డ్యాంపింగ్‌ను ఆల్ఫా అంటారు, స్పిన్ ఊగిసలాట ఎంత త్వరగా చల్లబడుతుందో చెప్పే సంఖ్య అది. దాన్ని గుర్తు పెట్టుకోండి, అడుగడుగునా ఎదురవుతుంది.

మొదటి రన్‌లో కరెంటే లేదు. నీల్ స్కిర్మియాన్‌ను మధ్యలో పెట్టి, దాన్ని స్థిమితపడనిచ్చాం. పది, ఇరవై నానోమీటర్ల మధ్య ఒక వ్యాసానికి వచ్చి ఆగింది. ప్రోగ్రాం ఇచ్చే బొమ్మలో పైకి చూసేవి తెలుపు, కిందికి చూసేవి నలుపు, పడుకున్నవి దిక్కును బట్టి రంగులు. తెల్లటి పట్టీ మీద రంగుల అంచు కట్టిన నల్ల చుక్క. టోపోలాజికల్ చార్జ్ మాత్రం సరిగ్గా మైనస్ ఒకటి చూపించలేదు, కొద్దిగా తక్కువ చూపించింది. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. జ్యాలోషిన్స్కీ బలం ఉన్న పొరలో అంచుల దగ్గర స్పిన్‌లు కూడా కొంచెం వాలుతాయి, ఆ వాలు లెక్కలో కలుస్తుంది. అంచులు లేకుండా పట్టీని చుట్టి కలిపేస్తే పూర్ణసంఖ్య వచ్చింది.

వానాకాలం. మూడు ఉరుములు ఉరిమితే కరెంటు పోతుంది, దానితో వైఫై పోతుంది, కాసేపు ఎవరూ ముట్టకపోతే కొలాబ్ కూడా సెషన్ మూసేస్తుంది. కరెంటు మీద ప్రాజెక్టుకు కరెంటే లేదని స్టాఫ్ రూంలో ఒకటే నవ్వులు. లెక్కలోని ప్రతి అర నానోసెకనుకు ఒకసారి ఫలితాలు గూగుల్ డ్రైవ్‌లో పడేలా స్క్రిప్ట్ మార్చాం, హాట్‌స్పాట్‌కు ఒక ఫోన్ పక్కన పెట్టుకున్నాం. ఆ తర్వాత టెన్షన్ తగ్గింది.

బతుకమ్మ సెలవులకు ముందు: సీదా నడక

కరెంటు ఇవ్వడానికి రెండు మార్గాలు. ఒకటి, అయస్కాంత పొరలోంచే పంపడం. ఎలక్ట్రాన్లు స్కిర్మియాన్ గుండా పోతూ తమ స్పిన్‌ను దాని స్పిన్‌లకు అప్పగిస్తాయి, ఆ మెలితిప్పే బలం సుడిని ముందుకు నెడుతుంది. రెండోది, కింద ఉన్న ప్లాటినంలోంచి పంపడం. ముందు మొదటిది.

కరెంటు సాంద్రత చదరపు మీటరుకు లక్ష కోట్ల ఆంపియర్లు పెట్టాం. వినగానే కుర్రాడు నోరు తెరిచాడు. ఇంట్లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 10 ఆంపియర్లు పోతే సాంద్రత సుమారు 67 లక్షలే, అంటే మేము పెట్టింది దానికి లక్షన్నర రెట్లు. కానీ 64 నానోమీటర్ల వెడల్పు, 3 నానోమీటర్ల మందం ఉన్న తీగలో అది సుమారు 190 మైక్రోఆంపియర్లే. పైగా అసలు ప్రయోగాల్లో కొన్ని నానోసెకన్ల పల్స్‌లుగా ఇస్తారు. అందుకే తీగ కరిగిపోదు. వేడెక్కదని కాదు.

చేతి లెక్క ప్రకారం, ఎలక్ట్రాన్లలో స్పిన్ పోలరైజేషన్ (ఒకే వైపు స్పిన్ ఉన్నవాటి మిగులు వాటా) 0.4 అయితే, ఈ కరెంటుకు వేగం సెకనుకు 40 మీటర్ల దగ్గర రావాలి. 5 నానోసెకన్లలో 200 నానోమీటర్లు. సిమ్యులేషన్ కూడా ఆ దరిదాపుల్లోనే ఇచ్చింది. నల్ల చుక్క పట్టీ మధ్యలో గీత గీసినట్టు పోయింది. అయితే ఒక షరతు ఉంది. స్పిన్ అప్పగింతలో జరిగే చిన్న నష్టాన్ని చెప్పే బీటా అనే సంఖ్యను మేము ఆల్ఫాతో సమానంగా పెట్టాం. ఈ రెండూ సమానమైతేనే సీదా నడక. బీటాను సున్నా చేస్తే చుక్క ఇరవై డిగ్రీల చుట్టూ ఒక పక్కకు వంగింది. ఆల్ఫాకు రెండింతలు చేస్తే రెండో పక్కకు వంగింది.

"సీదా పోతలేదు మేడం, పక్కకు జరుగుతున్నది. స్పిన్ బాల్ లెక్కనా?" అన్నాడు దేవరకద్ర కుర్రాడు. వాడు కాలేజీ టీమ్‌లో లెగ్ స్పిన్నర్. పుస్తకాల్లో కూడా దీన్ని మాగ్నస్ బలంతో పోలుస్తారు. నాకు ఆ పోలిక నచ్చదు. బంతికి గాలి కావాలి, బంతి నిజంగా గిర్రున తిరగాలి. ఇక్కడ గాలీ లేదు, తిరిగే వస్తువూ లేదు. థర్మాకోల్ బోర్డు చూపించి అడిగాను: "సుడిని ఒక వరస కుడికి జరపాలంటే ఏ పుల్లను పీకాలి బిడ్డా?" ఏదీ పీకనక్కర్లేదు. ఒక్కో పుల్ల తన చోటనే ఉండి కొద్దిగా వాలితే చాలు. కదిలేది ఆకారం. పుల్ల పుల్లలాగే ఉంటుంది.

ఆ వాలడంలోనే ఉంది కిటుకు. స్పిన్‌కు కోణీయ ద్రవ్యవేగం ఉంది. దాన్ని ఒక వైపు తోస్తే ఆ వైపు పడదు, లంబంగా తిరుగుతుంది. మామూలుగా ఎడమకు తిరిగేవీ కుడికి తిరిగేవీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్కిర్మియాన్‌లో మాత్రం బాణాలు గోళాన్ని మొత్తం ఒకసారి కప్పేస్తాయి కాబట్టి కొట్టేయగా ఇంకా మిగులుతుంది. ఆ మిగులే పక్కకు తోస్తుంది. దీని పేరు స్కిర్మియాన్ హాల్ ఎఫెక్ట్. చార్జ్ గుర్తు మారితే పక్క కూడా మారాలి. పట్టీ అంతా తిరగేసి, అంచులు కిందికి, నడుమ పైకి పెట్టి నడిపాం. చుక్క ఈసారి రెండో వైపుకు పోయింది. కుర్రాడు ఒప్పుకున్నాడు, కానీ స్నేహితులకు మాత్రం స్పిన్ బాల్ అనే చెబుతున్నాడు.

నవంబరు: అంచు

మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇది, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

రెండో మార్గంలో కరెంటు ప్లాటినంలో పోతుంది. ప్లాటినం బరువైన లోహం. దానిలో స్పిన్ హాల్ ఎఫెక్ట్ వల్ల ఒక దిక్కు స్పిన్‌లు పైకి, ఎదురు దిక్కు స్పిన్‌లు కిందికి చీలిపోతాయి. పైకి వచ్చినవి కోబాల్ట్‌లోకి దూరి స్కిర్మియాన్‌ను నెడతాయి. ఇప్పటి ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది ఈ పద్ధతే, ఎందుకంటే ఇంతే కరెంటుకు ఎక్కువ తోపు వస్తుంది.

నడిపేముందు చేతి లెక్క. 1973లో థీల్ అనే శాస్త్రవేత్త, అయస్కాంత ఆకారం మొత్తాన్ని ఒకే కణంలా చూసి దాని చలనం రాయడం చూపించాడు. బోర్డు మీద దాన్ని విడదీస్తే చివరికి ఒక చిన్న నిష్పత్తి మిగిలింది: పక్క వేగాన్ని ముందు వేగంతో భాగిస్తే, ఒకటిని ఆల్ఫాతోనూ ఆకారపు సంఖ్యతోనూ భాగించినంత వస్తుంది. ఆకారపు సంఖ్య చిన్న స్కిర్మియాన్లకు ఒకటికి దగ్గర, స్కిర్మియాన్ పెద్దదయ్యేకొద్దీ పెరుగుతుంది. మాది 1.2 అనుకుంటే, ఆల్ఫా 0.3కి కోణం 70 డిగ్రీలు! అంటే కరెంటు తూర్పుకు పోతుంటే స్కిర్మియాన్ దాదాపు ఉత్తరానికో దక్షిణానికో పోతుంది. ముందుకన్నా పక్కకే ఎక్కువ.

కరెంటు సాంద్రత ఈసారి పదో వంతు పెట్టాం, పది వేల కోట్లు. చుక్క చెప్పినట్టే పక్కకు నడిచింది. రెండు నానోసెకన్లలోపే పట్టీ అంచు దగ్గరికి వచ్చేసింది. అక్కడే పోతుందనుకుని అమ్మాయి రన్ ఆపబోయింది, ఆపవద్దన్నాను. అంచు దగ్గరి వాలిన స్పిన్‌లు దాన్ని వెనక్కి తోశాయి. చుక్క కాస్త చిన్నదై, అంచు పట్టుకుని ముందుకు పరుగు మొదలుపెట్టింది. పట్టీ మధ్యలో ఉన్నప్పటి ముందు వేగంతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ.

గోడకు రాసుకుంటూ పోయేది నెమ్మదించాలి కదా, ఇదెందుకు వేగం పెంచింది? సాయంత్రం వరకు చర్చ నడిచింది. జవాబు థీల్ లెక్కలోనే ఉంది. అంచు దాన్ని పక్కకు తోస్తుంది. కానీ స్కిర్మియాన్‌ను ఏ వైపు తోసినా అది లంబంగా తిరిగే రకం, అంచు ఇచ్చే పక్క తోపు కూడా ముందు నడకగా మారుతుంది. పక్క చలనం పూర్తిగా ఆగిపోతే వేగాన్ని అదుపు చేసేది డ్యాంపింగ్ ఒక్కటే. సంఖ్యల్లో చూస్తే ముందు వేగం ఎనిమిది, తొమ్మిది రెట్లు కావాలి. సిమ్యులేషన్‌లో అంతకన్నా కాస్త తక్కువ వచ్చింది, అంచు దగ్గర నలిగి చిన్నదవుతుంది కాబట్టి అది న్యాయమే.

ఇక కరెంటు పెంచుకుంటూ పోయాం. ఒక హద్దు దాకా అంచు తట్టుకుంది. హద్దు దాటగానే చుక్క అంచులోకి ఒరిగి, అర్ధచంద్రంగా మారి, మాయమైంది. టోపోలాజికల్ చార్జ్ ఒక్కసారిగా సున్నా దగ్గరికి పడిపోయింది. బోర్డు మీద సుడిని అంచు దాటించి తోసేస్తే ఏమవుతుందన్నామో అదే. టోపాలజీ రక్షణ (చార్జ్ మారదు కాబట్టి సుడి చెరగదన్న భరోసా) అన్న మాటను పత్రికల వ్యాసాల్లో చాలా ఉదారంగా వాడేస్తుంటారు. అంచు ఉన్న పట్టీలో ఆ రక్షణకు ధర చాలా తక్కువ.

పట్టీ రెండు అంచుల వెంబడి కొన్ని గడులకు అనైసోట్రపీ పెంచి చూశాం. అడ్డుకట్ట బలపడింది, చుక్క ఇంకొంచెం ఎక్కువ కరెంటు దాకా బతికింది. పనికొచ్చేదే, కాకపోతే అలాంటి గీతలు నిజం పొర మీద గీయడం ఖరీదైన పని.

సంక్రాంతి తర్వాత: గరుకు పొర

ఇంతవరకు మా పొర అద్దంలా ఉంది. నిజం పొర అలా ఉండదు, రవ్వలు రవ్వలుగా ఉంటుంది. మ్యూమ్యాక్స్3లో రవ్వలు చల్లే సౌకర్యం ఉంది. పది నానోమీటర్ల రవ్వలు చేసి, ఒక్కో రవ్వకు అనైసోట్రపీ కొన్ని శాతం అటూ ఇటూ మార్చాం.

తక్కువ కరెంటుకు చుక్క కదలనే లేదు. కొద్దిగా పెంచితే ఒక రవ్వ నుంచి ఇంకో రవ్వకు తడుముకుంటూ జరిగింది, అదీ దాదాపు కరెంటు దిక్కుకే. ఇంకా పెంచితే పక్క కోణం మెల్లగా పెరుగుతూ, చివరికి అద్దం పొరలో వచ్చిన కోణానికి చేరువైంది. థీల్ నిష్పత్తిలో కరెంటు ఎక్కడా లేదు, కోణం కరెంటుతో మారకూడదు. మార్చేది రవ్వలే.

2017లో అమెరికా శాస్త్రవేత్తలు గది ఉష్ణోగ్రత దగ్గర ఈ పక్క నడకను నేరుగా చూశారు. పది వేల కోట్ల ఆంపియర్ల కన్నా తక్కువ సాంద్రతలో వాళ్లకు కోణం 15 డిగ్రీల దాకా వచ్చింది, కరెంటుతో పాటు పెరిగింది కూడా. మా 70 డిగ్రీలు చూసి, వాళ్ల 15 చూసి అమ్మాయి డీలా పడింది. పడాల్సిన పని లేదు. వాళ్లవి మైక్రోమీటరు స్థాయి పెద్ద బుడగలు, ఆకారపు సంఖ్య చాలా ఎక్కువ, రవ్వల పట్టు కూడా ఉంది. మా నిష్పత్తిలో ఆకారపు సంఖ్య పెంచితే కోణం దానంతట అదే పడిపోతుంది. అమ్మాయి రిపోర్టులో ఈ పేరా నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

ఫిబ్రవరి: రెండు వార్తలు, రెండు వేర్వేరు చోట్లు

ఇంటర్నెట్‌లో ఏ పరిచయ వ్యాసం తెరిచినా రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. స్కిర్మియాన్లు అతి తక్కువ కరెంటుకు కదులుతాయి. స్కిర్మియాన్లు సెకనుకు వందల మీటర్ల వేగంతో పోతాయి. రెండూ నిజమే. ఒకే చోట నిజం కావు. రిపోర్టు పరిచయంలో పిల్లలు కూడా ఆ రెండింటినీ ఒకే వాక్యంలో రాసుకొచ్చారు. కూర్చోబెట్టి విడదీశాను.

స్కిర్మియాన్ అనే పేరు అణుకేంద్రక భౌతికశాస్త్రం నుంచి వచ్చింది, బ్రిటిష్ శాస్త్రవేత్త టోనీ స్కిర్మ్ 1960ల మొదట్లో ప్రతిపాదించిన ఆలోచన అది. అయస్కాంతాల్లో ఇలాంటి సుడులు ఉండగలవని 1989లో బొగ్దనోవ్, యాబ్లోన్స్కీ లెక్క కట్టారు. 2009లో మ్యూనిక్ దగ్గరి రియాక్టర్ న్యూట్రాన్లతో మాంగనీస్ సిలిసైడ్‌లో వాటి జాలకం (సుడులు వరసలుగా పేర్చుకున్న అమరిక) దొరికింది. మరుసటి ఏడాదే జపాన్ బృందం ఇనుము, కోబాల్ట్, సిలికాన్ ఉన్న పలుచని స్ఫటికంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఒక్కో సుడినీ కంటికి చూపించింది. అదే 2010లో, మాంగనీస్ సిలిసైడ్‌లోని జాలకాన్ని కరెంటుతో కదిలించడానికి చదరపు మీటరుకు పది లక్షల ఆంపియర్ల స్థాయి చాలని తేలింది. ఇంటి వైరులో పోయేదానికన్నా తక్కువ. డొమైన్ గోడలను (పైకి చూసే భాగానికీ కిందికి చూసే భాగానికీ మధ్య హద్దులను) కదిలించడానికి అప్పటిదాకా వాడుతున్న దానిలో లక్షో వంతు. సంచలనం కాక ఏమవుతుంది?

కానీ అది మైనస్ 245 డిగ్రీల చుట్టూ మాత్రమే. పైగా అది కదలిక మొదలయ్యే కరెంటు, వేగంగా పోయే కరెంటు కాదు. మా మొదటి మార్గం లెక్కనే తీసుకుని, లక్ష కోట్లకు 40 మీటర్లు అయితే పది లక్షలకు ఎంతని అడిగాను. కుర్రాడు నోటితోనే చెప్పేశాడు: సెకనుకు 0.04 మిల్లీమీటర్లు. పదార్థం వేరు కాబట్టి అంకె అటూ ఇటూ అవుతుంది, స్థాయి మాత్రం అదే. ఇక సెకనుకు 100 మీటర్లు దాటిన వేగం 2016లో పలుచని లోహపు పొరల్లో గది ఉష్ణోగ్రత దగ్గర కనిపించింది. దానికి వాడిన కరెంటు డొమైన్ గోడలకు వాడే స్థాయిదే.

మరి స్కిర్మియాన్లతో లాభమేంటని పిల్లలు అడిగారు. 2008లో స్టువర్ట్ పార్కిన్ డొమైన్ గోడలను తీగలో పరిగెత్తిస్తూ సమాచారం దాచే రేస్‌ట్రాక్ మెమరీని వివరించాడు, 2013లో నోబెల్ గ్రహీత అల్బర్ట్ ఫెర్ట్ బృందం గోడల బదులు స్కిర్మియాన్లు పరిగెత్తించవచ్చని రాసింది. నా ఉద్దేశంలో అసలు ఆకర్షణ చిన్న సైజు, లోపాల పక్కనుంచి తప్పుకుని పోగల స్వభావం. కరెంటు ఆదా అని ప్రచారం చేయడం తొందరపాటు. ఈ మాట రిపోర్టులో ఉంచాలా వద్దా అని అమ్మాయి సందేహపడింది. వైవాలో ఎక్స్‌టర్నల్ వాదిస్తే వాదించనీ, లెక్క మన దగ్గర ఉంది అన్నాను.

మార్చి: రెండు పొరలు

పక్క నడకను అంచుతో కాకుండా మొదట్లోనే చంపాలంటే ఒక మార్గముంది. రెండు అయస్కాంత పొరలు, మధ్యలో పలుచని రుథీనియం లాంటి లోహం. పై పొర పైకి చూస్తే కింది పొర కిందికి చూసేలా గట్టిగా జతపడతాయి. సింథటిక్ యాంటీఫెర్రోమాగ్నెట్ అంటారు. పై స్కిర్మియాన్ చార్జ్ మైనస్ ఒకటి, కిందిది ప్లస్ ఒకటి. ఒకటి ఎడమకు లాగితే ఇంకొకటి కుడికి లాగుతుంది. జత విడిపోనంతవరకు రెండూ కలిసి సీదా పోవాలి.

స్క్రిప్ట్‌లో రెండు పొరలను రెండు రీజియన్లుగా పెట్టి, వాటి మధ్య ఎక్స్‌ఛేంజ్ గుర్తును మైనస్ చేశాం. నవంబరులో వాడిన కరెంటే, వాడిన ఆల్ఫానే. రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చుని పట్టీ మధ్యలోంచి నేరుగా పోయాయి. అమ్మాయి వేగం లెక్కగట్టి పాత షీటు తీసింది. అంచు పట్టుకుని పరిగెత్తినప్పుడు వచ్చిన వేగానికి ఇది దగ్గరగా ఉంది. అలాగే ఉండాలి కూడా: పక్క నడకను ఎవరు ఆపినా, మిగిలేది డ్యాంపింగ్ ఒక్కటే. తేడా ఏమంటే ఇక్కడ కరెంటు పెంచితే పడిపోవడానికి పక్కన అంచు లేదు. మేము పెంచాం. జత సడలేదాకా సీదాగానే పోయింది.

2024లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ బృందం ఇలాంటి జంట పొరల్లోనే సెకనుకు 900 మీటర్ల దాకా వేగం చూపించింది. అడ్డంకి లేదని కాదు. రెండు పొరలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే బయటికి కనిపించే అయస్కాంతత్వం దాదాపు సున్నా, చూడటం, చదవడం కష్టమవుతుంది.

శివరాత్రి దాటి ఎండలు ముదిరాయి, ల్యాబులో ఫ్యాను తిరిగినా చెమటే. మా స్కిర్మియాన్లు మాత్రం ఇప్పటికీ సున్నా కెల్విన్ దగ్గరే ఉన్నాయి, అన్ని రన్‌లలో ఉష్ణోగ్రత పెట్టలేదు. 300 కెల్విన్ పెడితే స్పిన్‌లన్నీ వణకడం మొదలవుతుంది, చుక్క కరెంటు లేకుండానే అటూ ఇటూ తిరుగుతుంది, లెక్కకు టైమ్ స్టెప్ బాగా తగ్గించాలి. ఒక్క పొరకు, జంట పొరకు వేర్వేరుగా స్క్రిప్ట్‌లు సిద్ధమయ్యాయి. ఉచిత కార్డు కోటా రాత్రికి మళ్లీ వస్తుంది, అమ్మాయి ఇంటి నుంచి నడుపుతానంది. కుర్రాడు జంట పొర కోసం రెండో థర్మాకోల్ షీటు గుచ్చుతున్నాడు, ఈసారి తలలన్నీ తిరగేసి. అగ్గిపెట్టెలు సరిపోలేదు, మళ్లీ క్లాక్ టవర్‌కు పోవాలి.